పాప కార్డులో ‘అండర్‌వెయిట్’, చిన్నోడి కార్డులో ‘నార్మల్’

జులై చివర్లో ఒక శనివారం సాయంత్రం మా ఇంటికి రెండు హెల్త్ కార్డులు వచ్చాయి. ఒకటి ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయిది. రెండోది మూడో తరగతిలో ఉన్న మా మరిది కొడుకుది. ఇద్దరిదీ ఒకటే స్కూలు. తెనాలిలో కింద వాటాలో మేము, పై వాటాలో మరిది వాళ్లు ఉంటాం. సాయంత్రమయ్యేసరికి అందరం కింద హాల్లోనే చేరతాం కాబట్టి కార్డులు రెండూ అత్తయ్యగారి మంచం మీద పక్కపక్కనే పడ్డాయి.

పాప కార్డులో ఎత్తు 149 సెంటీమీటర్లు, బరువు 39 కిలోలు, బీఎంఐ (కిలోల్లో బరువుని మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె) 17.6. దాని పక్కన ఎర్ర సిరాతో ‘అండర్‌వెయిట్’. చిన్నోడి కార్డులో ఎత్తు 132, బరువు 38.5, బీఎంఐ 22.1. దాని పక్కన పచ్చ టిక్కు పెట్టి ‘నార్మల్’.

“నేను మొత్తుకుంటూనే ఉన్నాను, పిల్ల ఒంట్లో ఏమీ లేదని” అన్నారు అత్తయ్యగారు. మా తోడికోడలు మాత్రం హాయిగా ఊపిరి పీల్చుకుంది. “అందరూ లావు లావంటుంటే ఎంత టెన్షన్ పడ్డానో అక్కా, నార్మలే అంట!” అంది. చిన్నోడికి ఇవేవీ పట్టలేదు. పాప మాత్రం కార్డు తీసుకుని గదిలోకి వెళ్లిపోయింది. రాత్రి పడుకునేటప్పుడు అడిగింది: “అమ్మా, నాకేమైనా జబ్బా? బస్సులో అందరూ కార్డులు చూసుకున్నారు. ఎర్ర సిరా నాకూ ఇంకో ఇద్దరికీ మాత్రమే వచ్చింది.”

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. రాత్రంతా ఆ రెండు కార్డులు కళ్ల ముందు తిరుగుతూనే ఉన్నాయి. కూడికలు, భాగహారాలు సరిగ్గానే ఉన్నాయి. 39ని 1.49తో ఒకసారి, మళ్లీ ఇంకోసారి భాగిస్తే 17.57 వస్తుంది. 38.5ని 1.32తో రెండుసార్లు భాగిస్తే 22.1. తప్పు లెక్కలో లేదు, లెక్క పక్కన రాసిన మాటలో ఉంది. 18.5 కంటే తక్కువైతే తక్కువ బరువు, 18.5 నుంచి 25 లోపు నార్మల్ అనేది పెద్దవాళ్ల కొలత. నాకూ మావారికీ సరిపోయే కొలతను 12 ఏళ్ల పిల్లకీ, 8 ఏళ్ల పిల్లాడికీ పెట్టేశారు. కార్డుల్లో ఇద్దరి పుట్టినతేదీలూ ఉన్నాయి. కానీ ఆ తేదీలను లెక్కలోకి తీసుకోలేదు.

మరుసటి సోమవారం పాపను, చిన్నోడిని, మా తోడికోడలిని వెంటబెట్టుకుని పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆ తర్వాత ఐదు నెలల్లో నేను నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి కార్డులు ఇంకా చాలా ఇళ్లకు వస్తున్నాయని నాకు తెలుసు.

ముందు పిల్లల ఒంటి సంగతి. పుట్టిన పిల్లలు మొదటి ఏడాది బొద్దుగా తయారవుతారు, బీఎంఐ పైకి పోతుంది. నడక వచ్చాక ఆ బుగ్గలు, తొడల మడతలు తీసిపోతాయి, బీఎంఐ దిగుతుంది. ఐదారేళ్ల వయసుకి అది అన్నిటికంటే కిందికి వస్తుంది. డొక్కలు కనిపిస్తుంటాయి, నానమ్మలు అమ్మమ్మలు “పిల్లాడు పీక్కుపోయాడు” అని బెంగ పెట్టుకునేది సరిగ్గా అప్పుడే. అది జబ్బు కాదు, ఆ వయసు అంతే. అక్కడి నుంచి మళ్లీ మెల్లగా పెరుగుతూ 18, 19 ఏళ్లకు పెద్దవాళ్ల అంకెలకు చేరుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఇచ్చిన పట్టికల ప్రకారం 8 ఏళ్ల మగపిల్లల బీఎంఐ మధ్యగతం 15.7. 12 ఏళ్ల ఆడపిల్లలది 18. పదో తరగతి చదివినవాళ్లకి మధ్యగతం అంటే గుర్తుండే ఉంటుంది. విలువలన్నీ ఆరోహణ క్రమంలో రాస్తే సరిగ్గా నడిమధ్యన ఉండేది. అంటే ఆరోగ్యంగా ఉన్న 12 ఏళ్ల ఆడపిల్లల్లో సగానికి పైగా 18.5 లోపే ఉంటారు. పెద్దవాళ్ల కొలత పెడితే వాళ్లందరికీ ఎర్ర సిరా పడుతుంది.

మా పాప 17.6 దగ్గర ఉంది. అంటే నడిమధ్యకి ఒక్క అడుగు ఇవతల. చిన్నోడి వయసుకి 17.4 దాటితే బరువు ఎక్కువ, 19.7 దాటితే ఊబకాయం. వాడు 22.1లో ఉన్నాడు. పచ్చ టిక్కు పెట్టింది వాడికి!

డాక్టరుగారు కంప్యూటర్లో కాకుండా కాగితం మీదే చుక్కలు పెట్టారు. ఆయన వాడింది మన దేశంలో పిల్లల డాక్టర్ల సంఘమైన ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015లో తెచ్చిన చార్టు. 5 నుంచి 18 ఏళ్ల వరకు, ఆడపిల్లలకి వేరే, మగపిల్లలకి వేరే. అడ్డంగా వయసు, నిలువుగా బీఎంఐ. మధ్యలో వంపు గీతలు కొన్ని. అన్నిటికంటే కింది గీత 3వ పర్సంటైల్, అంటే వంద మందిలో ముగ్గురు దాని కింద ఉంటారు. పై రెండు గీతల మీద మాత్రం పర్సంటైల్ అంకెలు లేవు, ‘23’, ‘27’ అని ఉన్నాయి. అవేమిటని అడిగాను. “ఈ గీత మీదున్న పిల్లాడు ఇదే దారిలో పోతే పెద్దయ్యాక వాడి బీఎంఐ 23 అవుతుందని అర్థం. దీని మీదుంటే 27” అన్నారు. 23 దాటితే బరువు ఎక్కువ, 27 దాటితే ఊబకాయం.

ప్రపంచమంతా 25, 30 అంటుంటే మనకి 23, 27 ఎందుకన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. దానికి 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక ఫొటో మంచి జవాబు. పుణెకి చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కి చెందిన డాక్టర్ జాన్ యడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. కానీ యడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం ఉంటే, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. బీఎంఐకి బరువు తెలుసు గానీ ఆ బరువు కండదా కొవ్వుదా అన్నది తెలియదు. మన ఒళ్లు అదే బరువులో ఎక్కువ కొవ్వు దాచుకుంటుంది కాబట్టి గీతను కిందికి దించుకోవాల్సి వచ్చింది.

ఈ సూత్రం మొదట కట్టింది డాక్టరు కూడా కాదు. 1830ల్లో బెల్జియం దేశస్థుడు అడాల్ఫ్ కెట్లే, గణితం, ఖగోళం చదువుకున్నవాడు. ‘సగటు మనిషి’ కొలతలు ఎలా ఉంటాయో తేల్చాలని లెక్కలు వేస్తూ, పెద్దవాళ్లలో బరువు దాదాపు ఎత్తు వర్గంతో పాటు పెరుగుతోందని గమనించాడు. దానికి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టింది 1972లో అమెరికా శాస్త్రవేత్త ఏన్సెల్ కీస్. జనం మొత్తాన్ని చూడటానికి పుట్టిన లెక్క అది. ఒక పిల్ల తలరాత చెప్పడానికి కాదు. లెక్కల టీచరుగా నాకు ఈ సంగతి చాలా ముఖ్యం అనిపించింది. అందుకే మా పదో తరగతి పిల్లలకు సాంఖ్యకశాస్త్రం చెప్పేటప్పుడు ఇదే చెప్పాను.

పర్సంటైల్ దగ్గరే ఎక్కువమంది తికమకపడతారు. డాక్టరుగారు పాపకి “45 దగ్గర ఉంది” అనగానే మా తోడికోడలు మొహం చిన్నబోయింది. “నలభై ఐదేనా?” అంది. నిజానికి మన తెలుగువాళ్లకి పర్సంటైల్ కొత్తేమీ కాదు. జేఈఈ మెయిన్స్ పుణ్యమా అని ప్రతి ఇంట్లో ఆ మాట వింటూనే ఉన్నాం. కానీ అక్కడ 99 వస్తే స్వీట్లు పంచుతాం, 45 వస్తే ఇల్లంతా దిగులు. ఇక్కడ అలా కాదు. ఇది మార్కూ కాదు, ర్యాంకూ కాదు. ప్రార్థనకి పిల్లల్ని ఎత్తు ప్రకారం వరసలో నిలబెడతాం కదా. అలాగే ఒకే వయసున్న వంద మంది ఆడపిల్లల్ని బీఎంఐ ప్రకారం నిలబెట్టారనుకోండి. మన పిల్ల ముందు 45 మంది ఉంటే 45వ పర్సంటైల్. అంతే. ఆ వరసలో నడుమ ఎక్కడున్నా మంచిదే. 30లో ఉన్న పిల్ల 60లో ఉన్న పిల్ల కంటే వెనకబడినట్టు కాదు. వరసకి మరీ ఈ చివర, మరీ ఆ చివర ఉన్నవాళ్లనే డాక్టరు ఆగి చూడాలి.

డాలస్‌లో ఉన్న మా ఆడపడుచుకి ఫోనులో ఇదంతా చెప్తే, “మా వాడికి ఇక్కడ 85 దాటింది, ఓవర్‌వెయిట్ అన్నారు వదినా” అంది. అమెరికాలో అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2000లో చేసిన చార్టులు వాడతారు. 5వ పర్సంటైల్ లోపు తక్కువ బరువు, 85 దాటితే ఎక్కువ బరువు, 95కి చేరితే ఊబకాయం. మన చార్టు గీతలు వేరు, ప్రపంచ ఆరోగ్య సంస్థ గీతలు వేరు. కాబట్టి ఇక్కడి కాగితం అక్కడి డాక్టరుకి చూపించేవాళ్లు ఏ చార్టు మీద వేశారో ఒక్క మాట అడిగి తెలుసుకోండి. అంకె ఒకటే ఉండి మాట మారిపోవచ్చు.

ఇప్పుడు అసలు విషయం. డాక్టరుగారు ఆ రోజు పెట్టిన చుక్కతో ఆగలేదు. “పాత కొలతలు ఏమైనా ఉన్నాయా?” అని అడిగారు. మా తోడికోడలు హ్యాండ్‌బ్యాగులోంచి టీకాల పుస్తకం తీసింది. అట్ట చిరిగి, నూనె మరకలతో ఉన్న ఆ పుస్తకంలో చిన్నోడికి మూడున్నరేళ్లప్పుడు 98 సెంటీమీటర్లు, 15.6 కిలోలు అని ఉంది. ఐదేళ్ల బూస్టర్ వేయించినప్పుడు 109 సెంటీమీటర్లు, 21 కిలోలు. లెక్క వేస్తే 16.2, తర్వాత 17.7, ఇప్పుడు 22.1. డాక్టరుగారు ఆ మూడు చుక్కల్ని వేలితో చూపించారు. మూడున్నర నుంచి ఐదేళ్లకి పిల్లల బీఎంఐ దిగాలి. వీడిది అప్పటికే ఎక్కడం మొదలుపెట్టింది. అలా ముందే ఎక్కడం మొదలైన పిల్లలు తర్వాత లావయ్యే అవకాశం ఎక్కువని ఆయన చెప్పారు.

పాపకి ఐదేళ్లప్పుడు 15.3, పదేళ్లప్పుడు 16.5, ఇప్పుడు 17.6. మూడు చుక్కలూ నడిమి గీతను పట్టుకునే నడిచాయి. పాప స్వయంగా ఆ గీత మీద వేలు పెట్టి చూసింది. “నేను ఎప్పుడూ ఇక్కడే ఉన్నానా?” అంది. బస్సులో పడ్డ చిన్నతనం ఆ కాగితం చూశాక సగం తగ్గింది. మిగతా సగానికి ఇంకొన్ని వారాలు పట్టింది.

ఒకే చుక్క కంటే నాలుగు చుక్కల దారి ఎంత ఎక్కువ చెప్తుందో నాకు ఆ రోజు అర్థమైంది. టీకాల పుస్తకం బీరువాలో అడుగున పడేసినవాళ్లుంటే దయచేసి పైకి తీయండి.

తర్వాత ఆయన చిన్నోడి చొక్కా కాలరు కిందికి లాగి మెడ వెనక చూశారు. అక్కడ చర్మం నల్లగా, మందంగా, ముట్టుకుంటే మెత్తని మఖమల్ గుడ్డలా ఉంది. మా తోడికోడలు కంగారుగా, “మురికి కాదండీ, రోజూ పీచుతో రుద్దుతాను, శనగపిండి పెట్టినా పోవట్లేదు” అంది. పాపం, ఆ మెడ మీద అక్కడక్కడా గీరుకుపోయిన గుర్తులు కూడా ఉన్నాయి. “అమ్మా, అది మురికి కాదు. ఎంత రుద్దినా పోదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయక ఎక్కువెక్కువ తయారైతే మెడ మీద, చంకల్లో ఇలా నలుపు వస్తుంది” అన్నారు. ఆ మాట వినగానే ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడాదిగా రోజూ స్నానాల గదిలో ఆ పిల్లాణ్ని రుద్దుతూ తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చాయని ఇంటికొచ్చాక నాతో చెప్పింది. మన ఇళ్లల్లో ఎంతమంది పిల్లల మెడలు ఇలా నిమ్మచెక్కలకీ సున్నిపిండికీ బలవుతున్నాయో. ఎవరైనా ఇది చదివి ఒక్క పిల్లాడి మెడ రుద్దడం ఆపి డాక్టరుకి చూపించినా నేను రాసిందానికి ఫలితం దక్కినట్టే.

రక్త పరీక్షలు చేయించారు. చక్కెర బాగానే ఉంది, కాలేయం పరీక్షలో ఒక అంకె కొద్దిగా ఎక్కువ వచ్చింది. థైరాయిడ్ చేయించాలా అని నేనే అడిగాను. ఎందుకంటే మన దగ్గర పిల్ల లావైతే ముందు అందరూ అనే మాట “థైరాయిడ్ అయి ఉంటుంది” అనే. “వీడు వయసుకి మించి పొడుగున్నాడు. థైరాయిడ్ లాంటి హార్మోన్ల తేడా ఉంటే సాధారణంగా ఎత్తు పెరగడం తగ్గిపోతుంది. లావవుతూ పొట్టిగా ఉండిపోయే పిల్లల్లో మేం దాన్ని గట్టిగా అనుమానిస్తాం” అన్నారు. అందుకే బరువుతో పాటు ఎత్తు చార్టు కూడా చూడాలి.

“అయితే వీడికి ఏం డైట్ పెట్టమంటారు?” అంది మా తోడికోడలు. డైట్ వద్దన్నారు. ఎదిగే పిల్లాడు, కడుపు మాడ్చకూడదు. బరువు తగ్గించక్కర్లేదు, ఇక్కడే నిలబెడితే చాలన్నారు. ఆ మాటలోని లెక్క నాకు భలే నచ్చింది. ఈ వయసు పిల్లలు ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు పెరుగుతారు. 38.5 కిలోల దగ్గరే ఉండి 138 సెంటీమీటర్లకి పెరిగితే బీఎంఐ 20.2. ఒక్క కిలో కూడా తగ్గకుండా 22 నుంచి 20కి దిగిపోతాడు. హారం పెరిగితే భిన్నం తగ్గుతుందని రోజూ బోర్డు మీద రాసే మాటే. పిల్లల విషయంలో కాలం మన వైపు ఉంటుంది. పెద్దవాళ్లకి ఆ వీలు లేదు.

ఇంట్లో ఏం మారిందో చెప్తాను. అత్తయ్యగారికి మనవడంటే ప్రాణం. ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ కలిపి ముద్దలు చేసి నోట్లో పెట్టేవారు. వాడి చేతిలో ఫోను, అందులో కార్టూన్. నోరు తెరవడం, మింగడం, కళ్లు స్క్రీన్ మీద. ఎన్ని ముద్దలు తిన్నాడో వాడికీ తెలియదు, ఆవిడకీ తెలియదు. గిన్నె ఖాళీ అయితే భోజనం అయినట్టు. నేను ఒకరోజు పక్కన కూర్చుని లెక్కపెట్టాను. 19 ముద్దలు. అన్నం అయ్యాక పెద్ద గ్లాసు పాలు, అందులో డబ్బా పొడి మూడు చెంచాలు, పంచదార రెండు చెంచాలు. బలానికని పొద్దున కూడా అదే గ్లాసు. స్కూలు నుంచి రాగానే బేకరీ పఫ్ గానీ చిప్స్ ప్యాకెట్ గానీ. ట్యూషన్ నుంచి వచ్చాక మళ్లీ ఫోను.

అత్తయ్యగారిని ఎవరూ ఏమీ అనలేదు. డెబ్భై దాటిన మనిషి, తన చిన్నప్పుడు ఆకలి చూసిన మనిషి. ఆవిడకి పెట్టడమే ప్రేమ. డాక్టరు గీసిన కాగితం ఆవిడకే చూపించి, “వాడి చేత్తో వాణ్నే తిననివ్వండి అత్తయ్యా, మీరు పక్కన కూర్చుని కథ చెప్పండి” అన్నాను. మొదటి వారం ఆవిడకీ కష్టమే, వాడికీ కష్టమే. తర్వాత వాడే “చాలు నానమ్మా” అనడం మొదలుపెట్టాడు. పాలు మానలేదు, పొడీ పంచదారా మానాయి. పఫ్ బదులు ఉడికించిన పల్లీలో, గుగ్గిళ్లో, జామకాయో. ఇంట్లో అందరికీ అదే. వాడికొక్కడికే వేరే పళ్లెం పెట్టి, పాప ముందు పెరుగువడ పెట్టడం లాంటివి చేయలేదు. సాయంత్రం మావారు ఇద్దరినీ కాలువ గట్టు వైపు సైకిళ్ల మీద తీసుకెళ్తున్నారు. ఆ వయసు పిల్లలకి రోజుకి గంటసేపు ఒళ్లు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. వానాకాలంలో కుదరని రోజులు చాలానే ఉన్నాయి, అప్పుడు డాబా మీద తాడాట.

ఇంట్లో నేను గట్టిగా పట్టుబట్టింది ఒకటే. ‘బండోడు’, ‘గుండోడు’, ‘చీపురుపుల్ల’, ‘అస్థిపంజరం’ అనే మాటలు ముద్దుకైనా ఎవరూ అనకూడదని. చుట్టాలకి కూడా చెప్పాను.

ఎందుకంటే మా బడిలో ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి ఉంది. ఆగస్టులో చూస్తే మధ్యాహ్న భోజనంలో గుడ్డు పక్కపిల్లకి ఇచ్చేస్తోంది. చిక్కీ బ్యాగులో దాచి ఇంట్లో తమ్ముడికి పట్టుకెళ్తోంది. పొద్దున ఏమీ తినకుండా వస్తోంది. రెండు వారాలు గమనించి, స్టాఫ్ రూములో ఎవరూ లేనప్పుడు అడిగాను. “లావున్నాను టీచర్” అంది. ఎవరో ‘బండ’ అన్నారట, అంతే. 14 ఏళ్లు, 152 సెంటీమీటర్లు, 45 కిలోలు. బీఎంఐ 19.5. ఆ వయసు ఆడపిల్లల మధ్యగతం 19.6. చార్టు తీసి తన చుక్క తన చేతే పెట్టించాను. నడిమి గీతకి ఆనుకుని పడింది. చాలాసేపు దాని వంకే చూసింది. ఎదిగే వయసులో ఆడపిల్లలకి తుంటి దగ్గర, తొడల దగ్గర కొంచెం ఒళ్లు రావాలి. పెద్దమనిషి కావడానికి, తర్వాత నెలనెలా సరిగ్గా రావడానికి శరీరానికి ఆ కొవ్వు కావాలి. ఇది తల్లులే పిల్లలకి చెప్పాలి. ఎవరో అన్న ఒక్క మాటకి పొద్దున టిఫిన్ మానేసిన పిల్లలు మనకి కనిపించని చోట్ల చాలామంది ఉన్నారు.

అదే బడిలో ఇంకో పిల్లాడు. 13 ఏళ్లు, 148 సెంటీమీటర్లు, 31 కిలోలు, బీఎంఐ 14.2. ఆ వయసుకి 14.9 కంటే తగ్గితే సన్నం అని లెక్క. కబడ్డీలో ముందుంటాడు, నవ్వుతూ తిరుగుతాడు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. బళ్లకి వచ్చి పిల్లల ఆరోగ్యం పరీక్షించే ప్రభుత్వ ఆర్‌బీఎస్‌కే బృందం వచ్చినప్పుడు చూసి పీహెచ్‌సీకి పంపారు. హిమోగ్లోబిన్ 9.8, అంటే రక్తం తక్కువ. నులిపురుగుల మాత్ర, ఐరన్ మాత్రలు ఇచ్చారు. మళ్లీ నెల నెలా చూస్తున్నారు. పెద్దవాళ్ల కొలత పెడితే వీడికీ ‘అండర్‌వెయిట్’ అనే వస్తుంది, మా పాపకీ అదే వస్తుంది. ఒకరు సుబ్బరంగా ఉన్న పిల్ల, ఒకరు వైద్యం కావాల్సిన పిల్లాడు. ఇద్దరి మీదా ఒకటే ముద్ర వేస్తే నిజంగా చూడాల్సిన పిల్లాడు గుంపులో కలిసిపోతాడు. మన దేశంలో 2016–18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో 10 నుంచి 19 ఏళ్ల పిల్లల్లో 24 శాతం సన్నంగా ఉన్నట్టు, 5 శాతం బరువు ఎక్కువ ఉన్నట్టు తేలింది. రెండు బాధలూ ఒకే ఊళ్లో, ఒక్కోసారి ఒకే వీధిలో ఉన్నాయి.

ఇంకో సంగతి కూడా బీఎంఐ చెప్పదు. ఏళ్ల తరబడి తిండి చాలక ఎత్తే పెరగని పిల్లలకి బీఎంఐ నార్మల్ రావచ్చు. ఎత్తూ తక్కువే, బరువూ తక్కువే కాబట్టి భాగిస్తే అంకె బాగానే కనిపిస్తుంది. ఎత్తు చార్టు పక్కన పెట్టుకోకపోతే ఆ పిల్ల కష్టం దొరకదు.

కొలిచే పద్ధతి గురించి నాలుగు ముక్కలు. పాప ఎత్తు ఇంట్లో మొదటిసారి కొలిచినప్పుడు నాకు 151 వచ్చింది. కారణం తల మీద పెద్ద క్లిప్పు. జడ విప్పి, క్లిప్పు తీసి, చెప్పుల్లేకుండా గోడకి నిలబెట్టాను. మడమలు, పిరుదులు, భుజాలు గోడకి ఆనాలి. కళ్లు నేరుగా ఎదురుగా చూడాలి, గడ్డం పైకెత్తకూడదు. తల మీద స్కేలు పెడితే పక్కకి ఒరిగిపోతుంది. అందుకే బడిలో బోర్డు మీద కోణాలు గీసే చెక్క మూలమట్టం తెచ్చాను. ఒక అంచు గోడకి, ఒక అంచు తలకి ఆనించి పెన్సిల్ గీత గీస్తే ఖచ్చితంగా వస్తుంది. ఎత్తులో రెండు సెంటీమీటర్ల పొరపాటు చిన్నదేమీ కాదు. 40 కిలోల పిల్ల 140 అయితే బీఎంఐ 20.4, 142 అయితే 19.8. బరువు యంత్రం పట్టా మీద, చాప మీద పెట్టకండి, గచ్చు మీదే పెట్టండి. ప్రతిసారీ ఒకే వేళకి కొలవండి. పొద్దున ఉన్న ఎత్తు సాయంత్రానికి కొద్దిగా తగ్గుతుంది. రోజూ కొలవడం అసలు వద్దు. మూడు నెలలకో, నాలుగు నెలలకో ఒకసారి చాలు.

స్కూలుకి ఒక ఉత్తరం రాసి, రెండు చార్టుల జిరాక్సులు జతచేసి ఇచ్చాను. ప్రిన్సిపాల్ గారు కూర్చోబెట్టి విన్నారు. కార్డులు పిల్లల చేతికి ఇవ్వకుండా కవర్లో పెట్టి తల్లిదండ్రులకి ఇవ్వమని కూడా అడిగాను. రెండో టర్మ్ కార్డులు ఇంకా రాలేదు. వచ్చాక చూడాలి.

మొన్న ఆదివారం పొద్దున్నే మళ్లీ కొలిచాను. వంటగది పక్కన గోడ మీద పెన్సిల్ గీతలు ఇప్పుడు రెండు వరసలయ్యాయి. చిన్నోడు చొక్కా విప్పేసి, గోడకి అతుక్కుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. “పెద్దమ్మా, పెరిగానా?” అన్నాడు. 134.5. జులై గీతకి రెండున్నర సెంటీమీటర్లు పైన. “అమ్మా, రెండున్నర!” అని అరుస్తూ మెట్లెక్కి పోయాడు. 38.9 కిలోలు, 21.5 అన్నవి నేను నోటుబుక్కులో రాసి పెట్టుకున్నాను, అవి వాడికి చెప్పలేదు. మెడ మీద నలుపు ఇంకా ఉంది. పీచు మాత్రం వాడట్లేదు. మళ్లీ కొలిచేది ఉగాదికి.